పండిన గింజ ఎవరి దగ్గరికి వెళ్తోంది?

2022 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించింది. ఉప్మాకో జావకో తప్ప ఎవరూ పెద్దగా పట్టించుకోని నూకల మీద నిషేధం ఏమిటా అని అప్పట్లో చాలామందికి అనిపించింది. కానీ ఆ నూకల చుట్టూ పెద్ద బేరమే నడిచింది. సెనెగల్ లాంటి పశ్చిమాఫ్రికా దేశాల్లో నూకలే రోజువారీ అన్నం. చేపలు, కూరగాయలు వేసి వాళ్లు వండుకునే ప్రధాన వంటకానికి నూకలే కావాలి, నిండు బియ్యం పనికిరాదు. చైనా అవే నూకలను ఎక్కువగా దాణా కోసం ఓడలకు ఓడలు కొన్నది. ఇక్కడ ఇథనాల్ ఫ్యాక్టరీలు పెట్రోల్‌లో కలిపే స్పిరిట్ తీయడానికి మాకు కావాలన్నాయి. నిషేధానికి ప్రభుత్వం చెప్పిన కారణాల్లో కోళ్ల దాణాకు, ఇథనాల్‌కు నూకలు చాలడం లేదన్నది కూడా ఉంది. 2025 మార్చిలో నిషేధం ఎత్తేశారు. ఈలోగా నష్టపోయినవాళ్లలో సెనెగల్‌లో వండుకు తినేవాళ్లూ ఉన్నారు. ఈ నిర్ణయంలో వాళ్ల మాటకు చోటే లేదు.

ప్రపంచానికి వ్యవసాయం తిండి పెట్టగలదా అనే చర్చ వచ్చినప్పుడల్లా దిగుబడి గురించి మాట్లాడతారు. జనాభా పెరుగుతోంది, ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2080ల్లో 1,030 కోట్లకు చేరుతుంది, కాబట్టి ఎకరాకు ఇంకా ఎక్కువ తీయాలి, దానికి కొత్త విత్తనం, కొత్త మందు, కొత్త యంత్రం కావాలి అన్నది ఆ వాదన. ముందు ఇప్పుడున్న లెక్క చూడాలి. ప్రపంచంలో ఏటా పండే తిండిగింజలు సుమారు 280 కోట్ల టన్నులు. 820 కోట్ల మందికి పంచితే తలకు రోజుకు 900 గ్రాములు దాటుతుంది. పప్పులు, దుంపలు, కూరగాయలు, పాలు, చేపలు ఈ లెక్కలో లేవు. మనిషికి రోజంతా తిన్నా అన్ని గింజలు పట్టవు. అయినా ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2024లో 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. కడుపు నిండినా, పప్పు, పండు, పాలతో సరైన తిండి కొనుక్కునే స్తోమత లేనివాళ్లు మరో లెక్క: 260 కోట్ల మంది.

ఈ రెండు లెక్కల మధ్య ఉన్న అగాధాన్ని దిగుబడి ఒక్కటే పూడ్చలేదు. గింజ ఎటు పోతోందో చూస్తే కారణం తెలుస్తుంది. పండిన తిండిగింజల్లో మనుషులు నేరుగా తినేది 40 శాతం కంటే కొంచెం ఎక్కువ. మూడో వంతుకు పైగా పశువుల, కోళ్ల దాణాకు పోతుంది. మిగిలింది ఇంధనానికి, పరిశ్రమలకు, విత్తనానికి. అమెరికాలో 2005, 2007 చట్టాలు పెట్రోల్‌లో ఇథనాల్ కలపడాన్ని తప్పనిసరి చేశాక అక్కడి మొక్కజొన్నలో 40 శాతం దాకా ఇథనాల్ ఫ్యాక్టరీలకే వెళ్తోంది. అది ఏడాదికి సుమారు 13, 14 కోట్ల టన్నులు. 2023-24లో భారతదేశం మొత్తం పండించిన బియ్యం 13.78 కోట్ల టన్నులు. ఇథనాల్ తీశాక గింజ బరువులో మూడో వంతు దాకా పిప్పి రూపంలో దాణాగా తిరిగి వస్తుందన్నది నిజమే. అది తీసేసి చూసినా, ఒక దేశపు కార్లు తాగే గింజ కోట్ల మంది తిండికి సరిపోయేంత ఉంటుంది.

మనమూ అదే దారి పట్టాం. 2025లో పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ లక్ష్యాన్ని దేశం అందుకుంది. దాని కోసం 2024-25లో భారత ఆహార సంస్థ గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యాన్ని డిస్టిలరీలకు కేటాయించారు. ధర కిలో 22 రూపాయల 50 పైసలు. అదే కిలో బియ్యం సేకరించి, మర పట్టించి, నిల్వ చేసి, చేరవేసేసరికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు సుమారు 40 రూపాయలు. గోదాముల్లో నిల్వలు మితిమీరి ఉన్నాయి, అవి పుచ్చిపోయే బదులు వాడుకోవడం మేలన్నది ప్రభుత్వ వాదన. నిల్వలు ఎక్కువున్న మాట వాస్తవం. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేల్చింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. ఇలాంటి దేశంలో మిగులు బియ్యం అంటే ఎవరికి మిగులు అన్న ప్రశ్న వదిలేయడానికి వీల్లేదు.

ఇదంతా కంపెనీల దురాశ అని తేల్చేసి ఊరుకుంటే సగం విషయమే చెప్పినట్టు. పొలం డబ్బు వెంట నడవడానికి రైతుకు తన కారణాలున్నాయి, అవి న్యాయమైనవే. భీమవరం, ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు బస్సులో వెళ్తే కిటికీలోంచి రెండు వైపులా నీళ్లే కనిపిస్తాయి. మూడు నాలుగు దశాబ్దాల కింద అందులో ఎంతో భాగం వరి చేలు. చేపల చెరువుకి, ఆ తర్వాత రొయ్యల చెరువుకి వచ్చే కౌలు వరి కౌలుకు ఎన్నో రెట్లు ఉండడంతో గట్లు లేచాయి. చెరువు తవ్విన రైతు లాభం చూసుకున్నాడు. పక్కన వరి వేసే రైతుకు మాత్రం ఆ నిర్ణయంలో పాత్ర లేదు. ఊట నీటితో, ఉప్పుతో అతని చేను దెబ్బతింటుంది, రెండు మూడేళ్లు ఓర్చుకుని చివరికి అతనూ చెరువుకే ఇచ్చేస్తాడు. అలా ఒక్కొక్క చేనే కాదు, ఆయకట్టుకు ఆయకట్టే మారిపోయింది. ఆ రొయ్యలకు 2025 దాకా అతిపెద్ద మార్కెట్ అమెరికానే. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే ఇక్కడ చెరువు గట్ల మీద టెన్షన్ మొదలైంది. కౌంటు ధరలు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధరలు, తగ్గించారు. నష్టం వచ్చిందని ఆ చెరువును మళ్లీ వరి చేనుగా మార్చడం అంత తేలిక కాదు. ఉప్పెక్కిన నేల బాగుపడాలంటే ఏళ్లు పడుతుంది.

అదే గోదావరి డెల్టాలో 2011 ఖరీఫ్‌లో మరొకటి జరిగింది. కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. నీళ్లున్నాయి, నేల ఉంది, నైపుణ్యం ఉంది, అయినా దాదాపు 90 వేల ఎకరాల్లో నాట్లు వేయలేదు. ఎరువుల ధర, కూలి పెరిగాయి, ధాన్యానికి మాత్రం మద్దతు ధర కూడా దక్కలేదు. గోదాములు నిండిపోయి కొనే నాథుడు లేడు. మురుగు కాలవలు పూడిపోయి వాన పడితే చేలు మునిగేవి. వేసి నష్టపోవడం కంటే వేయకపోవడమే మేలని వాళ్లు లెక్క కట్టుకున్నారు. ప్రభుత్వం మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసింది. 2022లో మళ్లీ కోనసీమలోనే పంట విరామం మాట వినిపించింది. దేశంలోనే సారవంతమైన భూముల్లో ఒకటైన చోట ఇలా జరిగిందంటే, ప్రపంచానికి తిండి పెట్టే శక్తి భూమికి ఉన్నా, పండించేవాడికి బతుకు లేకపోతే ఆ శక్తి పడావు పడిపోతుందని అర్థం.

అందుకే లాభాపేక్ష మాట ఎత్తినప్పుడు ఎవరి లాభం అని విడదీసి అడగాలి. 2018-19లో జాతీయ నమూనా సర్వే సంస్థ దేశంలో రైతు కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలని తేల్చింది. అందులో పంట మీద వచ్చింది 3,798. కూలి, జీతాల మీద వచ్చింది 4,063. అంటే రైతు ఇంట్లో కూడా పొయ్యి వెలిగించేది ముందు కూలి డబ్బే. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 93 శాతం అప్పుల్లో ఉన్నాయి, సగటు అప్పు దాదాపు రెండున్నర లక్షలు, దేశంలోనే అన్నిటికంటే ఎక్కువ. తెలంగాణలో 91 శాతానికి పైగా, లక్షన్నర. వినియోగదారుడు టమాటా మీద పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలని, ఉల్లికి 36, బంగాళాదుంపకు 37 అని 2024లో వచ్చిన రిజర్వు బ్యాంకు అధ్యయన పత్రం చెప్పింది. మదనపల్లె మార్కెట్లో గిట్టుబాటు ధర రాక టమాటాలు రోడ్డు పక్కన పారబోసిన రోజులు, అవే టమాటాలు 2023 జూలైలో పట్నాల్లో కిలో 150 దాటిన రోజులు రెండూ అందరూ చూసినవే. ఆ రెండు రోజుల మధ్య నిలకడగా సంపాదించింది రైతు కాదు, కొనేవాడూ కాదు.

పొలానికి ముందు ఒక మార్కెట్, పొలం తర్వాత ఒక మార్కెట్. రెండు చోట్లా ఎదుటివాడు పెద్దవాడు. విత్తనాలు, పురుగు మందుల వైపు చూస్తే బేయర్, కోర్టేవా, సింజెంటా, బీఏఎస్‌ఎఫ్ అనే నాలుగు సంస్థలదే ప్రపంచ మార్కెట్లో సగానికి పైగా. 2018లో బేయర్ అమెరికా విత్తన సంస్థ మోన్‌శాంటోను 63 బిలియన్ డాలర్లకు కొనేసింది. అంత పెట్టుబడి తిరిగి రావాల్సింది ఎక్కడో ఒక చోట రైతు కొనే ప్యాకెట్ నుంచే. తెలుగు రైతుకు ఇది బీటీ పత్తితో, అంటే పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన పత్తితో, బాగా తెలిసొచ్చింది. 2005 నాటికి 450 గ్రాముల బీటీ విత్తన ప్యాకెట్ ధర 1,600 నుంచి 1,850 రూపాయలు. అందులో పెద్ద భాగం విత్తనం ఖరీదు కాదు, ఆ జన్యువు వాడుకున్నందుకు కట్టే ట్రెయిట్ ఫీజు. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లి పోరాడాక ధర 750కి దిగింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం అడ్డం తిరిగితే ధర సగానికి తగ్గిందంటే, అంతకు ముందు కట్టిన ధరకు విత్తనం తయారీ ఖర్చుతో సంబంధం లేదన్నమాట.

దీని పక్కన పెట్టి చూడాల్సినవి మార్టేరు, బాపట్ల. స్వర్ణ అని పిలిచే ఎంటీయూ 7029 పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టింది, 1982లో విడుదలైంది. బీపీటీ 5204, సాంబ మసూరి, బాపట్లలో పుట్టింది, 1986లో వచ్చింది. స్వర్ణ ఒడిశా, బెంగాల్, బిహార్ దాటి బంగ్లాదేశ్‌లోనూ పండింది. ఏ రైతూ ఈ రెండు రకాలకు రాయల్టీ కట్టలేదు. పక్క చేనులోంచి గింజ తెచ్చుకుని నారు పోసుకున్నారు. వాటిని తయారు చేసినవాళ్లు ప్రభుత్వ జీతం మీద పనిచేసిన శాస్త్రవేత్తలు. కోట్ల మంది కంచాల్లోకి అన్నం తెచ్చిన ఈ విత్తనాల మీద ఒక్క కంపెనీకి కూడా పేటెంటు లేదు. కొత్త విత్తనం రావాలంటే పేటెంటు, దాని మీద లాభం తప్పనిసరి అనే వాదనకు మార్టేరు, బాపట్ల జవాబు ఇచ్చి నలభై ఏళ్లు దాటింది. అలాంటి పరిశోధన కేంద్రాల్లో ఖాళీలు నింపకుండా వదిలేయడం మన పాలకులు చేస్తున్న అన్యాయాల్లో ఒకటి, దాని గురించి వార్తలు కూడా పెద్దగా రావు.

పొలం తర్వాతి మార్కెట్‌ను ఏలేది ఏడీఎం, బంగీ, కార్గిల్, లూయీ డ్రేఫస్. నాలుగూ వందేళ్లు దాటిన ధాన్యం వ్యాపార సంస్థలు. ఉక్రెయిన్ యుద్ధంతో గోధుమ ధర మండిపోయిన 2022లో కార్గిల్ అమ్మకాలు 165 బిలియన్ డాలర్లకు చేరాయి, ఆ సంస్థ చరిత్రలో అప్పటిదాకా అదే రికార్డు. ధరలు ఎటు కదిలినా డబ్బు చేసుకోగలిగేది ఎవరి చేతిలో ఓడలు, గోదాములు, అందరికంటే ముందు సమాచారం ఉంటాయో వాళ్లే. అయితే కొరత పుట్టించడంలో ప్రభుత్వాలు తక్కువ తినలేదు. 2008లో బియ్యం ధర నాలుగైదు నెలల్లోనే టన్ను 400 డాలర్ల లోపు నుంచి 1,000 దాటింది. ఆ ఏడు ప్రపంచంలో వరి పంట పోలేదు. భారత్, వియత్నాం ఎగుమతులు ఆపాయి, భయపడిన దేశాలు ఎగబడి కొన్నాయి. తిండి ధరల మీద జనం వీధుల్లోకి వచ్చాక హైతీ ప్రధాని పదవి పోయింది. చివరికి జపాన్ తన దగ్గర నిల్వ ఉన్న దిగుమతి బియ్యాన్ని బయటికి వదలొచ్చన్న వార్త రాగానే ధర దిగడం మొదలైంది. ఒక్క బస్తా కూడా ఇంకా కదలలేదు అప్పటికి. ఎక్కడో ఒక చోట లాభం కోసం కాకుండా నిల్వ ఉన్న గింజ ఎంత విలువైందో ఆ వారాల్లో తెలిసింది.

మన దేశంలో ఆ పని చేసేది సేకరణ, రేషన్. దాదాపు 81 కోట్ల మందికి నెల నెలా ఉచితంగా గింజలు అందుతున్నాయి. 1943లో బెంగాల్‌లో లక్షలాది మంది చనిపోయిన కరువులో గింజలు పూర్తిగా లేకపోలేదని, పేదలకు వాటిని కొనే శక్తి పోయిందని ఆర్థికవేత్త అమర్త్య సేన్ చూపించారు. ఇక్కడ మళ్లీ అంతటి కరువు రాకపోవడానికి ఒక కారణం ఈ వ్యవస్థే. దాని లోపాలు దానికున్నాయి. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రం దగ్గర రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకుని, తేమ 17 శాతానికి దిగేదాకా మబ్బు వైపు చూస్తూ పట్టాలు కప్పుకుంటూ కూర్చునే రైతుకు, మిల్లు దగ్గర తరుగు పేరుతో బస్తాకు ఇన్ని కిలోలని కోస్తే అడిగే దిక్కు ఉండదు. రేషన్‌లో ఇచ్చే దొడ్డు బియ్యం తినలేక కార్డుదారులు కిలో 10, 12 రూపాయలకు అమ్మేస్తే, అవే పాలిష్ అయ్యి కాకినాడ రేవు నుంచి ఆఫ్రికాకు ఎగుమతి అవుతున్న వ్యవహారం 2024 నవంబర్‌లో దేశమంతా చర్చకు వచ్చింది. తెలంగాణ 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తోంది. సన్నాలు పండించిన రైతుకు క్వింటాలుకు 500 బోనస్ ప్రకటించింది. తినేవాళ్లు తినేదే కొని ఇస్తే అమ్ముకోవడం తగ్గుతుందన్న ఆలోచన సరైనదే. బోనస్ డబ్బు సకాలంలో పడితేనే అది నిలబడుతుంది.

కానీ కొనేది వరి, గోధుమ అయినప్పుడు అవే పండుతాయి. తెలంగాణలో 2024 వానాకాలం వరి 153 లక్షల టన్నులని రాష్ట్రం లెక్క చెప్పింది. 2024-25లో దేశం 70 లక్షల టన్నులకు పైగా పప్పులు దిగుమతి చేసుకుంది. తాండూరు కందికి పేరుంది, భౌగోళిక గుర్తింపూ ఉంది. 2025 మొదట్లో కంది కోతకొచ్చేసరికి మార్కెట్ ధర క్వింటాలుకు మద్దతు ధర 7,550 కంటే కిందికి పడింది. ఒకవైపు సుంకం లేకుండా వచ్చిన పసుపు బఠానీ, ఇంకోవైపు సరిపోని ప్రభుత్వ కొనుగోళ్లు. కంది వేస్తే నత్రజని నేలలోకే వస్తుంది, నీళ్లు తక్కువ పడతాయి, పిల్లలకు మాంసకృత్తులు దొరుకుతాయి. ఇవన్నీ రైతుకు తెలుసు. వరిని కొంటారని కూడా తెలుసు. రెండో సంగతే అతని సాగును నిర్ణయిస్తుంది, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు 1990లలో వేరే దారి పట్టాయి. ఎక్కువగా దళిత మహిళలు. వాళ్ల చేతిలో ఉన్నవి రాళ్ల చెల్కలు, పడావు భూములు. వాటిని సాగులోకి తేవడానికి సంఘం నుంచి అప్పు తీసుకుని, ఆ అప్పును డబ్బుగా కాకుండా జొన్నలుగా తిరిగి కట్టారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేశారు. ఏ ఇంట్లో గింజలు లేవో సంఘం ఆడవాళ్లకే తెలుసు కాబట్టి, ఎవరికి ఎంత ఇవ్వాలో వాళ్లే నిర్ణయించి మార్కెట్ కంటే తక్కువ ధరకు ఇచ్చారు. ఒకే చెల్కలో పచ్చజొన్న, కంది, కొర్ర, సామ, అనుములు కలిపి వేశారు. ఒకటి పోయినా ఇంకోటి చేతికి వస్తుంది. ఇంటి అటకల మీద బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి విత్తనం దాచుకున్నారు. ప్రపంచ మార్కెట్ లెక్కల్లో ఈ గింజలు కనిపించవు. కానీ పండిన చోటే తినేవాళ్లున్నారు, కొలిచేవాళ్లు, పంచేవాళ్లు కూడా వాళ్లే.

ఇలాంటి ఉదాహరణలు చూసి రసాయన ఎరువు రేపే ఆపేద్దాం అనుకుంటే శ్రీలంక గుర్తుకు రావాలి. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి ఆపింది. రైతులకు ప్రత్యామ్నాయం చేతికి ఇవ్వలేదు, నేల మారడానికి సమయం ఇవ్వలేదు. నవంబర్ వచ్చేసరికి నిర్ణయం వెనక్కి తీసుకున్నారు, అయినా వరి దిగుబడి దారుణంగా పడిపోయింది. ప్రపంచ జనాభాలో దాదాపు సగానికి అందే తిండి వెనక ఫ్యాక్టరీలో తయారైన నత్రజని ఉందని అంచనా. దాన్ని ఒక్క సీజన్‌లో వదిలించుకోలేం. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని ఊరూరా మహిళా సంఘాల ద్వారా, రైతు నుంచి రైతుకు నెమ్మదిగా విస్తరిస్తోంది. 2024లో దానికి పోర్చుగల్ ఫౌండేషన్ ఒకటి ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ఆ నిదానమే దాని బలం. అయితే ప్రకృతి సాగులో పండిన ధాన్యం కూడా అదే మిల్లరు దగ్గరికి, అదే ధరకు వెళ్తే ఆ రైతుకు మిగిలేది ఖర్చులో ఆదా అయినంత మాత్రమే.

ప్రపంచంలో ఉన్న సాగు కమతాల్లో 84 శాతం రెండు హెక్టార్ల లోపువి. వాటి కింద ఉన్న భూమి 12 శాతమే, కానీ ప్రపంచ ఆహారంలో సుమారు 35 శాతం అక్కడి నుంచి వస్తోంది. చిన్న రైతును నిలబెట్టడం జాలి పని కాదనడానికి ఈ ఒక్క లెక్క చాలు. మన దగ్గర ఆ చిన్న రైతుల్లో కూడా కింది మెట్టు మీద ఉన్నది కౌలు రైతు. డెల్టాలో చాలా ఊళ్లలో సార్వా (వానాకాలం) గింజ కౌలుకే సరిపోతుంది, దాళ్వాలో (యాసంగిలో) మిగిలిందే ఇంటికి. పంట రుణం పాస్‌బుక్ ఉన్న యజమానికి వస్తుంది, కౌలుదారు వడ్డీ వ్యాపారి దగ్గరో, ఎరువుల కొట్లో ఖాతా మీదో తెచ్చుకుంటాడు. ఎరువుల కొట్టువాడే ధాన్యం కూడా కొంటాడు కాబట్టి ధర అతను చెప్పిందే. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది, కానీ ఆ చట్టం కార్డుకు యజమాని సంతకం అడిగింది. భూమి ఎక్కడ పోతుందోనని యజమానులు సంతకం పెట్టరు. తెలంగాణలో 2018లో మొదలైన పెట్టుబడి సాయం పథకం రైతుబంధులో కౌలుదారుకు వాటా దక్కలేదు. యజమాని సంతకం అక్కర్లేకుండా, చేలో ఎవరు ఉన్నారో ఊరి సభలో తేల్చి, ఆ పేరు మీద అప్పు, బీమా, కొనుగోలు టోకెన్ ఇవ్వడం ఏ కంపెనీ అనుమతీ లేకుండా, ఏ కొత్త విత్తనం కోసం ఆగకుండా వచ్చే ఖరీఫ్‌కే చేయగలిగిన పని.